మోరీ దాకా నడక

ఊపిరి పీల్చడం నేర్చుకోవడానికి నలభై ఏడేళ్ళ వయసులో డాక్టరు దగ్గరికి పోయానంటే మా డిపోలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళలో సగం మంది నాకంటే ఎక్కువ బీడీలు తాగుతారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు మెల్లగా నా పక్కకు చేరి, "అప్పా, నీకు ఆపరేషన్‌కు ముందు ఏం చేయించినారు?" అని అడుగుతారు. అడిగినవాళ్ళందరికీ మొదటినుంచీ చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే రాసి పెడుతున్నాను. ఇంకో కారణం గంగన్న. ఆయన ఎవరో చదువుతూ పోతే తెలుస్తుంది.

నేను ఆర్టీసీ కండక్టర్ని. ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సు నాది. ఏళ్ళ తరబడి ఆ రోడ్డు దుమ్ము, బస్సు పొగ, నా బీడీ పొగ కలిసి నా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టాయి. చలికాలం వస్తే దగ్గు, దగ్గితే కళ్ళె, మెట్టు ఎక్కితే ఆయాసం. టికెట్లు కొట్టుకుంటూ బస్సు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి రాడ్డు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ ఏడాది విజిల్ ఊదడం కూడా చేతకాకుండా పోయింది. నోట్లో పెట్టుకుంటే గాలి చాలదు. బస్సు ఆపాలన్నా, పోనివ్వాలన్నా అరచేత్తో రేకు మీద కొట్టేవాణ్ణి.

"ఏందప్పా, ఎనుమును తట్టినట్ల తడతాండావు బస్సును?" అనేవాడు డ్రైవరు కాసిం. మేమిద్దరం ఒకే బస్సు మీద ముసలివాళ్ళమవుతున్న స్నేహితులం. ఆ మాటకు నేను నవ్వేవాణ్ణి, నవ్వితే దగ్గు వచ్చేది.

*శివరాత్రికి ముందు*

పులివెందుల బస్టాండులో టీ తాగుతూ దగ్గితే చేతిగుడ్డలో రక్తం పడింది. మరుసటి పొద్దున కాసిమే నన్ను ప్రొద్దుటూరులో ఛాతీ డాక్టరు దగ్గర దింపాడు. నా భార్య ఓబులమ్మ ఊరి నుంచి వచ్చి నాతో కూచుంది.

మా వైపు ఆసుపత్రుల్లో జనం కూచునే తీరు ఒకటుంది. అవి పార్టీలు ముదిరిన రోజులు. ఊరికి రెండు పార్టీలు, పార్టీకో వీధి, వీధికో జెండా. కేసుల్లో ఉన్నవాళ్ళు, కేసుల్లో ఉన్నవాళ్ళ చుట్టాలు, అందరూ గోడకు వీపు ఆనించి, వాకిలి కనపడేటట్లు కూచుంటారు. దగ్గు వచ్చి ప్రాణం పోతున్నా వాకిలికి వీపు చూపించరు. కాబట్టి గోడల పక్క బెంచీలన్నీ కిటకిటలాడుతుంటాయి, హాలు నడిమి బెంచీ ఖాళీగా ఉంటుంది. నేను పోయి దర్జాగా నడిమి బెంచీ మీద కూచున్నాను. నాకేం? నేను కండక్టర్ని. రెండు పార్టీలవాళ్ళకూ టికెట్ కొట్టేవాణ్ణి. నాకు పార్టీ లేదని నాకు గట్టి నమ్మకం.

డాక్టరు కోస్తా మనిషి, మర్యాదగా మాట్లాడతాడు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "మీ ఇంట్లో గొర్రెలున్నాయా?" అని అడిగాడు.

ఏం జబ్బని అడిగితే గొర్రెల సంగతెందుకో నాకర్థం కాలేదు. "మా తాతల నాటి నుంచీ గొర్ల మందే సార్ మాది. నేనొక్కణ్ణే బస్సెక్కినా" అన్నాను.

"కుక్కలు?"

"మందంటే కుక్క లేకుండా ఎట్ల సార్?"

అప్పుడు చెప్పాడు. నా కుడి ఊపిరితిత్తిలో నీటితిత్తి ఉంది, నిమ్మకాయను దాటి చీనీకాయంత, అంటే బత్తాయంత అయింది. ఇది గొర్రె నుంచి కుక్కకు, కుక్క నుంచి మనిషికి వచ్చే పురుగు పెట్టే కాపురం. పొట్టేలును కోసినప్పుడు గడ్డలు కనపడ్డ కార్జం, ఊపిరితిత్తులు మనం తినం. తీసి కుక్కకేస్తాం. మా ఇంట్లో అందరం అదే చేశాం, అది శుభ్రం అనుకున్నాం. ఆ కుక్క మా చేతులు నాకేది, ఆ చేతులతోనే సంగటి తినేవాళ్ళం. గొర్లున్న ఇళ్ళవాళ్ళు ఈ ఒక్క ముక్క చదివి మిగతాది చదవకపోయినా ఫరవాలేదు. గడ్డలున్నవి కుక్కకు వేయొద్దు, కాల్చేయండి, లేకపోతే లోతుగా పూడ్చండి.

"కోసి తీసేయాలి" అన్నాడు డాక్టరు. "కానీ ఇప్పుడు కాదు."

"ఎందుకు సార్?"

"మీ ఊపిరితిత్తులు ముందే చెడి ఉన్నాయి. ఇప్పుడు మత్తిచ్చి ఛాతీ తెరిస్తే తిత్తి బయటికొస్తుంది. మీరు మాత్రం ఊపిరి మిషను నుంచి బయటికి రాకపోవచ్చు. ముందు మిమ్మల్ని ఆపరేషన్‌కు తయారుచేయాలి."

"పెండ్లికొడుకును చేసినట్లా సార్?" అన్నాను. భయమేస్తే నాకు నోరు ఊరుకోదు. ఓబులమ్మ నా తొడ మీద గిల్లింది.

ఆయన నవ్వలేదు. ఒక్కొక్కటే చెప్పాడు. బీడీ ఒక్క దమ్ము కూడా లేదు. పొద్దున లేచి ఆవిరి పట్టి, మందు పీల్చి, కళ్ళెను గట్టిగా దగ్గకుండా "హా, హా" అని మెల్లగా పైకి తేవాలి. తర్వాత ఎండెక్కక ముందే నడవాలి, రోజూ అదే వేళకు, వీలైతే అదే దారిలో. అట్లయితేనే నిన్నటికంటే ముందుకు పోయానో లేదో తెలుస్తుంది. ఆయాసం వస్తే కూచుని, ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. "విజిల్ ఊదుతారు కదా, అట్లా. కాకపోతే విజిల్ లేకుండా."

"ఎన్నాళ్ళు సార్?"

"మా ఆసుపత్రి మెట్లున్నాయి కదా. కింద నుంచి మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కి, పైన నాతో ఒక నిండు మాట ఒకే ఊపిరిలో చెప్పాలి. ఆ రోజు కర్నూలు పెద్దాసుపత్రికి పంపిస్తాను." కొంచెం ఆగి, "ఆలస్యమూ మంచిది కాదు. తిత్తి లోపల పగిలితే ఆ నీళ్ళతోనే ఊపిరి ఆగిపోవచ్చు. గట్టిగా దగ్గకండి. కింద పడకండి. ఎవరితోనూ పెనుగులాడకండి" అన్నాడు.

తొందరగా నడవాలి, తొందరపడకూడదు. దగ్గాలి, దగ్గకూడదు. బయటికి వస్తూ పౌరుషానికి ఆ మెట్లు ఎక్కి చూశాను. మొదటి మలుపు దగ్గరే కళ్ళకు చీకట్లు కమ్మాయి. బురఖాలో ఉన్న ముసలామె ఎవరో తను కూచున్న స్టూలు నా కిందికి తోసి, తను గోడ పట్టుకుని నిలబడింది. "కూచో నాయనా, నాకు అలవాటే" అంది. ఆమె కూడా ఆయాసం పేషెంటే. ఆ స్టూలు మీద కూచుని మొదటిసారి నేను చచ్చిపోతానేమోనని నిజంగా భయపడ్డాను.

*ఉగాది దాకా*

లీవు పెట్టి ఊరికి వచ్చాను. మా ఊరు ముద్దనూరుకూ పులివెందులకూ నడుమ ఉంటుంది, పేరెందుకులే.

బీడీ మానడం గురించి ఎవరూ నిజం చెప్పరు. నేను చెబుతాను. మొదటి వారం నేను మనిషిని కాను. కంచం విసిరేశాను. ఓబులమ్మను అనరాని మాటలన్నాను. ఆమె తిరిగి అంతకంటే పెద్ద మాటలంది. బీడీ కట్టలన్నీ నీళ్ళ తొట్టిలో వేసి, ఆ నీళ్ళు చెట్లకు పోస్తే చెట్లు చస్తాయని దిబ్బలో పారబోసింది. పొద్దునే కుండలో నీళ్ళు కాచి, దుప్పటి కప్పి, ఆవిరి పట్టించి, వీపు మీద చెయ్యి వేసి నిలబడేది.

"హా అను. గట్టిగా కాదు, మెల్లగ."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"నువ్వు సస్తే ముండమోసేది డాక్టరు కాదు, నేను. హా అను."

అన్నాను. మెల్లగా కళ్ళె పలచబడింది. పక్షం పోయాక పిల్లికూతలు లేకుండా ఒక పొద్దున నిద్ర లేచాను.

*ఎండలు మొదలైనాక*

మా ఊరు ఒకే రోడ్డుకు రెండు పక్కల ఉంటుంది. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఒక పార్టీ. మా ఇల్లు కిందివీధి మొదట్లో. ఓబులమ్మ తమ్ముడు సుబ్బరాయుడు కిందివీధి పార్టీలో ముందు నడిచే మనిషి. పైవీధికి ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన మాటే ఆ వీధికి చట్టం. ఊరి బయట వంక నీళ్ళు రోడ్డు కిందుగా పోయే మోరీ ఒకటుంది. దాని మీద కూచోవడానికి వీలుగా సిమెంటు గోడ. దాన్ని దాటితే పెద్దాయన చీనీ తోట.

నా నడక ఇంటి నుంచి మోరీ దాకా. మొదట సగం దారికే కూచుండిపోయేవాణ్ణి. తర్వాత మోరీ అందింది. అక్కడ గోడ మీద కూచుని, పెదవులు చుట్టి గాలి వదిలేవాణ్ణి. నా రొమ్ములో మిగిలిన పిల్లికూతా ఆ గాలీ కలిసి సన్నగా ఈల మాదిరి వచ్చేది. తర్వాత "హా, హా". తర్వాత చుట్టూ చూస్తూ ఊపిరి కుదురుకునేదాకా ఆగి, ఇంటికి. రోజూ అదే వేళ, అదే దారి. నాకు గర్వంగా ఉండేది. బతుకంతా టైం టేబుల్ ప్రకారం పోయినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను.

ఇక్కడే నేను తప్పు లెక్క వేసింది. మా ఊళ్ళో బుద్ధి ఉన్న మగాడెవడూ రోజూ ఒకే వేళకు ఒకే దారిలో పోడు. సంతకు ఒక దారిన పోతే ఇంకో దారిన వస్తాడు. నీళ్ళు పెట్టడానికి ఒకరోజు చీకటితో, ఒకరోజు పొద్దెక్కి పోతాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒకే వేళకు ఒకే చోట కనపడేవాడు ఎవడన్నా ఉన్నాడంటే, వాడు ఎవరికోసమో కాపు కాస్తున్నాడని అర్థం. అందులోనూ కిందివీధివాడు, సుబ్బరాయుడి బావ, పెద్దాయన తోట దారిలో కూచుని, ఈల వేసి, చుట్టూ చూసి, "హా" అని ఎవరికో సైగ ఇస్తున్నాడు. పెద్దాయన జీపు ఆ దారిన రావడం మానేసిన సంగతి కూడా నేను గమనించలేదు. డీజిలు పొగ తగ్గింది, మంచిదే అనుకున్నాను.

ఒక పొద్దున ఆవిరి పట్టుకుని దుప్పటి తీసేసరికి వాకిట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకతను గంగన్న. పెద్దాయన వెనకాల ఎప్పుడూ ఉండే మనిషి, భుజానికి గుడ్డ సంచి. ఆ సంచిలో ఏముంటుందో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు, ఎవరూ దాన్ని తాకరు.

"కండక్టరప్పా, పెద్దాయన పిలుస్తాండాడు. మిద్దె మీదికి రావాలంట."

ఓబులమ్మ అడ్డం వచ్చింది. "ఆయప్పకు మెట్లెక్కే శాత కాదు. కింద నిలబడి మాట్లాడమను."

"శాతగానోడు దినామూ మోరీ దాకా ఎట్ల వస్తాండాడు?" అన్నాడు గంగన్న.

ఆ మాటతో నాకంతా ఒక్కసారిగా అర్థమైంది. సుబ్బరాయుణ్ణి పిలుస్తానని ఓబులమ్మ కదిలింది. వద్దని చేత్తో సైగ చేశాను. వాడు వస్తే నలుగురితో వస్తాడు, నలుగురు వస్తే నా వాకిట్లోనే మొదలవుతుంది. పెనుగులాడొద్దన్నాడు డాక్టరు. చొక్కా వేసుకుని వాళ్ళ నడుమ నడిచాను. పైవీధిలో ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకోవడం చూశాను.

పెద్దాయన ఇల్లు రెండంతస్తుల మిద్దె. మెట్లు ఇరుకు, గంగన్న ముందు, ఇంకొకడు వెనక. ఆగితే వెనకవాడు తోస్తాడు, తోస్తే పడతాను, పడితే తిత్తి పగులుతుంది. కాబట్టి ఆగకూడదు. ముక్కుతో పీల్చాను, పెదవులు చుట్టి వదిలాను. అడుగు, ఊపిరి, అడుగు, ఊపిరి. వేరే ఆలోచన పెట్టుకోలేదు. మలుపు దాటింది. పైకి వచ్చేసరికి పెద్దాయన పడకకుర్చీలో కూచుని నన్నే చూస్తున్నాడు.

"దినామూ మోరీ కాడ కూచోని ఏం జేస్తాండావు?"

"రొమ్ములో నీటితిత్తి ఉండాది పెద్దాయనా, కోసి తీయాలంటే ముందు నడిచి ఊపిరి పెంచుకోమన్నాడు ప్రొద్దుటూరు డాక్టరు, అందుకని నడుస్తాండా."

అని ఆగాను. నా మాట నాకే వినపడింది. మెట్లెక్కి, ఆగకుండా, ఒకే ఊపిరిలో ఒక నిండు మాట చెప్పాను. నాకు నవ్వు వచ్చింది. చావును ముందర పెట్టుకుని నవ్వేవాణ్ణి చూసి గంగన్న చెయ్యి సంచి మీదికి పోయింది.

"ఏందిరా నవ్వుతాండావు?" అన్నాడు పెద్దాయన.

"మెట్లెక్కినా పెద్దాయనా."

ఆయన గంగన్న వైపు చూశాడు, వీడికి మతి పోయిందా అన్నట్లు. తర్వాత, "ఆ కూత ఏందో కూసి చూపించు" అన్నాడు. పెదవులు చుట్టి ఊదాను. హా అన్నాను. చొక్కా విప్పి, ఒంట్లో కండ లేని రొమ్ము చూపించాను. "ఈ కూతేనా?" అని అడిగాడు. "ఇదే" అన్నాడు గంగన్న. పెద్దాయన లేచి, మిద్దె అంచుకు పోయి మోరీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నా ప్రాణం ఆ కాసేపు ఎవరి చేతిలో ఉందో నాకు బాగా తెలుసు, అంత భయం మళ్ళీ ఆపరేషన్ బల్ల మీద కూడా పడలేదు.

"నడువు" అన్నాడు చివరికి. "గంగన్న నీతో నడుస్తాడు."

అది దయ కాదు, కాపలా. అయినా సరేనన్నాను. ఆ మిద్దె రెండంతస్తులే, డాక్టరు మెట్లు మూడు. ఇంకా నడవాలి.

*ఎండలు ముదిరినాక*

మరుసటి పొద్దున నుంచి గంగన్న నా పక్కన సంచితో నడిచాడు. మొదటి రోజే బీడీ ముట్టించాడు. ఆ పొగకు నా ఒళ్ళంతా లేచివచ్చింది, సగం కోపం, సగం ఆశ. "ఆర్పు, లేకపోతే నన్ను ఈడనే చంపెయ్" అన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, బీడీని చెప్పు కింద నలిపాడు. మళ్ళీ నా దగ్గర ముట్టించలేదు.

గంగన్నకూ నాకూ పాత తగాదా ఒకటుంది. తోటకు పోవడానికి మోరీ దగ్గర బస్సు ఆపమని ఎప్పుడూ అడిగేవాడు. అక్కడ స్టేజీ లేదు, ఆపను అనేవాణ్ణి. ఊళ్ళో దిగి వెనక్కి నడిచేవాడు. ఇప్పుడు దాన్ని పట్టుకున్నాడు. "నీకు ఆపరేషన్ అయినాక విజిల్ ఊదే శాతనవుతాదిలే. ఒక్క తూరి నాకోసరం మోరీ కాడ ఊదాల నువ్వు."

"స్టేజీ కాదు" అనేవాణ్ణి.

ఇంతలో ఇంటి దగ్గర ఇంకో మంట లేచింది. పైవీధి మనిషి పక్కన నేను రోజూ నడవడం కిందివీధి చూసింది. సుబ్బరాయుడు వాకిట్లో నిలబడి, "బావా, నువ్వు పార్టీ మారినావని అంటాండారు. నా మొగం యాడ పెట్టుకునేది?" అన్నాడు.

"నేను ఏ పార్టీలో ఉన్నానని మారేదానికి?"

"ఈ ఊళ్ళో ఉండావు గదా. సాల్దా?" అన్నాడు. ప్రొద్దుటూరుకు మకాం మార్చేద్దామన్నాను. ఇప్పుడు ఊరు విడిస్తే అందరూ అనుకున్నది నిజమవుతుంది, మిగిలిన మా ఇంటిని, మందను ఎవరు కాస్తారు అన్నాడు. అదీ నిజమే.

ఓబులమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఒరే, నీకు అంత అనుమానముంటే నీ మనిషిని గూడా పంపు. ఇద్దరూ చెరో పక్క నడవండి. మా ఆయన ఊపిరికి పార్టీ ల్యాదు" అంది. కోపంతో అన్న మాట. సుబ్బరాయుడు దాన్ని నిజంగానే పట్టుకున్నాడు.

అట్లా సుంకన్న వచ్చాడు, ఆయన భుజానికీ ఒక సంచి. ఎడమ పక్క గంగన్న, కుడి పక్క సుంకన్న, నడుమ నేను. వాళ్ళ నాయనల కాలం నుంచీ ఆ రెండు ఇళ్ళకూ మాటల్లేవు. నడుస్తూ మాట్లాడొద్దని నాకు డాక్టరు ఆజ్ఞ. ముగ్గురం మూగవాళ్ళ పెళ్ళికి పోతున్నట్లు పోయేవాళ్ళం. మోరీ గోడ మీద కూచున్నాక గంగన్న నాతో, "నీళ్ళు తెచ్చినాడేమో ఆయప్పను అడుగు" అనేవాడు. సుంకన్న చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉండేవాడు. చెంబు నా చేతికి ఇచ్చేవాడు, నేను గంగన్నకు ఇచ్చేవాణ్ణి. అదొక టికెట్ పని అయింది నాకు.

ఒక పొద్దున మోరీ దగ్గరికి చేరుతుండగా ఎదురుగా జీపు ఒకటి వేగంగా దుమ్ము లేపుకుంటూ వచ్చింది. మా ఊరి జీపు కాదు. ఇద్దరి చేతులూ సంచుల్లోకి పోయాయి. నాకు దగ్గు పొంగుకొచ్చింది, ఆపుకోలేకపోతున్నాను. పరిగెత్తి పక్కకు దూకాలనిపించింది, కాళ్ళు రాలేదు. అప్పుడు నా వీపు కింద ఒక చెయ్యి పడింది, ఇంకో పక్క నుంచి ఇంకో చెయ్యి. ఇద్దరూ కలిసి, నేను కింద పడకూడదన్న మాట గుర్తుపెట్టుకుని, మెల్లగా, చంటిబిడ్డను పడుకోబెట్టినట్లు నన్ను గోడ చాటున నేల మీద పడుకోబెట్టారు. జీపు ఆగకుండా పోయింది. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోయేవాళ్ళు, ఆలస్యమై తొందరలో ఉన్నారు. దుమ్ము తగ్గాక చూస్తే వాళ్ళిద్దరి చేతులూ నా వీపు కింద ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి చేతులు లాక్కున్నారు.

ఆ తర్వాత గంగన్న నాతో పాటు పెదవులు చుట్టి ఊదడం మొదలుపెట్టాడు. "నాకూ పండుకుంటే ఆయాసం వస్తాది, ఎవురికీ చెప్పలేదు" అన్నాడు. బీడీ పూర్తిగా మానేశానని కొన్నాళ్ళకు చెప్పాడు. మనిషి ముఖం తేటపడింది. "ఈ నడక శానా బాగుంది కండక్టరప్పా. దినామూ ఒకే టయానికి లేసేది, ఒకే దావలో పోయేది. నా జన్మలో ఇట్ల పోలేదు నేను" అన్నాడు. దాంట్లో ఉన్న సంతోషమే నాకు వినపడింది, వేరేది వినపడలేదు.

*తొలకరికి*

ప్రొద్దుటూరు మెట్లు ఎక్కాను. మూడో అంతస్తులో డాక్టరు గది ముందర నిలబడి, "సార్, కండక్టర్ను వచ్చినా, కర్నూలుకు టికెట్ కొట్టండి" అన్నాను, ఒకే ఊపిరిలో. ఆయన అప్పుడు నవ్వాడు. ఓబులమ్మ మెట్ల మీదే కూచుని ఏడ్చింది.

కర్నూలులో మత్తు ఇచ్చే డాక్టరమ్మ నా రొమ్ము విని, "బాగా తయారై వచ్చారు" అంది. ఆ మాట పట్టుకుని బల్ల ఎక్కాను. మెలకువ వచ్చినప్పుడు పక్కటెముకల నడుమ గొట్టం, కింద సీసాలో బుడగలు, కత్తితో పొడిచినట్లు నొప్పి. ఊపిరి తీయాలంటే భయం. ఇక్కడే నా నెలల చాకిరీ పనికొచ్చింది. దిండు రొమ్ముకు అదుముకుని ముక్కుతో పీల్చాను, పెదవులు చుట్టి వదిలాను, మెల్లగా హా అన్నాను. ఒళ్ళు దానంతటదే చేసింది. కళ్ళు మూసుకుంటే మోరీ గోడ, రెండు పక్కలా ఇద్దరు కనపడేవాళ్ళు. ఆపరేషన్‌కు ముందు ఇదంతా ఎందుకు దండగ అనే వాళ్ళకు నా జవాబు ఇదే. కోసిన తర్వాత నేర్చుకుందామంటే ఆ నొప్పిలో ఎవరికీ చేతకాదు. కోయకముందే నేర్చుకోవాలి.

సుబ్బరాయుడు చూడ్డానికి వచ్చాడు. ఊరి సంగతులు అడిగితే వానల గురించి చెప్పాడు. ఓబులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నొప్పిలో ఉండి నేను పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చిన మరుసటి పొద్దున చెప్పులు వేసుకుంటుంటే ఓబులమ్మ వాకిట్లో అడ్డం కూచుంది.

"మోరీ దాకా వద్దు."

"ఎందుకు?"

అప్పుడు చెప్పింది. నేను కర్నూలుకు పోయినాక కూడా గంగన్న నడక మానలేదు. కండక్టరప్ప వచ్చేదాకా నేను నడుస్తా, ఆయాసం తగ్గతాంది అన్నాడంట. రోజూ అదే వేళకు, అదే దారిలో, సంచి కూడా ఇంట్లో పెట్టి పోయేవాడంట. మోరీ గోడ మీద కూచుని పెదవులు చుట్టి ఊదుతుంటే చంపేశారు. ఎవరని నేను రాయను. రాసేంత నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పరు.

సాయంత్రం సుంకన్న వచ్చి గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "నేనప్పటికే మానేసినా మామా" అన్నాడు. "నువ్వు ల్యాకుండా నేను గంగన్నతో ఎట్ల నడిచేది?" ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చింది. గట్టిగా ఏడిస్తే కుట్లు లాగుతాయి. దిండు తెచ్చి రొమ్ముకు అదుముకుని ఏడ్చాను. ఆయన గడప బయట కూచుని ఉన్నాడు, నేను ఆపేదాకా పోలేదు.

నేను ఇప్పుడూ నడుస్తాను. ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకున్నాం, డిపో పక్క వీధుల్లో నడుస్తాను. మీరూ నడవండి, డాక్టరు చెప్పినట్లే, రోజూ, అదే వేళకు. అట్లా నడవగలిగే ఊళ్ళో ఉన్నవాళ్ళు అదృష్టవంతులని మాత్రం గుర్తుపెట్టుకోండి.

లీవు అయిపోయి డ్యూటీలో చేరిన మొదటి రోజు కాసిమే డ్రైవరు. పులివెందుల నుంచి వెనక్కి వస్తున్నాం, బస్సు నిండా జనం. చీనీ తోట దాటింది. నేను విజిల్ నోట్లో పెట్టుకుని, నిండా పీల్చి, ఒక్కటి ఊదాను. నాకే చెవులు గింగురుమన్నాయి. బస్సు మోరీ దగ్గర ఆగింది.

కాసిం వెనక్కి తిరిగాడు. "ఈడ స్టేజీ ల్యాదు గదప్పా. ఎవురు దిగేది?"

నేను తలుపు తీసి, కిందికి దిగి, ఒక మనిషి నింపాదిగా దిగేంతసేపు పట్టుకుని నిలబడ్డాను. జనం కిటికీల్లోంచి చూశారు. మళ్ళీ ఎక్కి తలుపు వేసి, రెండు విజిల్స్ ఊదాను. బస్సు కదిలింది.